అమావాస్య పాలసీ

ఆ రోజుల్లో నోరు కూడా ఒక ఆస్తే అనుకునేవాణ్ణి. రాయగడ మెయిన్ రోడ్డులో నాతో వాదనకు దిగి గెలిచినవాడు లేడు. తొమ్మిదో తరగతిలో బడి మానేశాను కాబట్టి (బడే నన్ను మానేసిందని మా లెక్కల మాస్టారు అంటారు, అది వేరే సంగతి) ఎదుటివాడు ఏ రూలు చెప్పినా నాకు అర్థమయ్యేది కాదు. అర్థం కానివాణ్ణి ఓడించడం ఎవరి తరం? అందుకే మా వీధిలో నన్ను ప్లీడరు అని పిలిచేవారు. అది పొగడ్త కాదని చాలా ఏళ్ళ తరవాత గాని తెలియలేదు.

ఇరవై మూడేళ్ళ వయసులో, నాలుగేళ్ళపాటు ఇంకొకరి బండి తోలి కూడబెట్టిన డబ్బుతో ఒక పాత టాక్సీ కారు కొన్నాను. కొన్న వారానికే దశ తిరిగింది. రాయగడలో ఉంటూ టికిరి బడిలో పనిచేసే ముగ్గురు టీచరమ్మలు రోజూ తీసుకెళ్ళి తీసుకురావడానికి నన్ను మాట్లాడుకున్నారు. సెలవులు అయ్యాక బడి తెరిచే సోమవారం నుంచి బండి ఉండాలి, మొదటి రోజే రాకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటాం అన్నారు. సరేనన్నాను. కారు కొన్నది కోరాపుట్‌లో కాబట్టి ఇన్సూరెన్సు కూడా అక్కడి ఏజెంటే కట్టించి, ఆ సాయంత్రమే కాగితం బస్సులో పంపించాడు. ఇంకేముంది, సోమవారం రావడమే తరువాయి.

మా అమ్మకి ఇంగ్లీషు రాదు గాని అంకెలు వచ్చు. ఆ కాగితాన్ని దేవుడి గూట్లో పెట్టబోతూ, దాని మీద తారీకు చూసి, గోడ మీద కేలండరు చూసి, కాగితాన్ని గూట్లోంచి వెనక్కి తీసేసింది.

"ఒరే, ఇది అమాస నాడు పుట్టినాదిరా! దీన్ని రద్దు సేసి మంచి రోజున ఇంకోటి తే. అందాకా ఆ బండి కదిలితే నా మీద ఒట్టే."

రద్దు చెయ్యడానికి కూడా మంచి రోజు కావాలట. ఏకాదశి దాకా ఆగమంది. పదకొండు రోజులు కారు మా పాకలోనే ఉంది. పక్కింటి కోడి దాని బానెట్టు మీద కాపురం పెట్టింది. ఏకాదశి శుక్రవారం వచ్చింది, అంటే సోమవారానికి మధ్యలో రెండే రోజులు. పొద్దున్నే నేను రైలుకి బయల్దేరబోతుంటే అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"కారు కాగితానికి కారు లేకుండా ఎలతావేట్రా? నానూ వొస్తాను, నడు. నిమ్మకాయ పట్టుకుని నాను కూకుంటే ఏటీ అవ్వదు." (మరి ఒట్టో అంటే, పెట్టినవాళ్ళే తియ్యొచ్చట. ఆ చట్టం కూడా ఆవిడదే.)

ఘాట్ రోడ్డు ఎక్కి కోరాపుట్ చేరాం. అమ్మ కారులోనే ఉంటానంది. నేను ఆఫీసులోకి వెళ్ళాను. ప్యూను "బొసొంతు, బొసొంతు" అని కుర్చీ చూపించాడు. ఎదురుగా బల్ల దగ్గర యాభై ఏళ్ళ మేడం ఒకావిడ, మెడలో చిన్న సిలువ, కోస్తా నుంచి వచ్చిన మన తెలుగావిడే. రద్దు ఎందుకు అని అడిగింది. అమావాస్య సంగతి చెప్పడం నామోషీ అనిపించి "సొంత కారణాలండి" అన్నాను. కట్టిన డబ్బు మొత్తం కొత్త పాలసీకి మళ్ళించమని అడిగాను, ఎందుకంటే జేబులో ఉన్నది తిరుగు ప్రయాణం డీజిలు ఖర్చే.

"మొత్తం రాదు బాబూ. నెల లోపు రద్దయితే ఐదో వంతు ఆఫీసు ఉంచుకుంటుంది. ఆ తగ్గినది నువ్వు కట్టాలి."

ఐదో వంతు! అది నా దగ్గర లేదు. అది లేకపోతే కొత్త కాగితం లేదు, కాగితం లేకపోతే సోమవారం లేదు. నాలోని ప్లీడరు లేచాడు.

"మేడం, ఏడాదికి మూడొందల అరవై అయిదు రోజులు. నాను వాడింది పదకొండు. మా ఈదిలో వడ్డీ యాపారి కూడా ఇంత లాగడండి."

"ఒక రోజుకైనా నెలకైనా ఇదే లెక్క. పట్టిక ఉంది, చూడు."

"పట్టిక నాకెందుకండి? ఆ పదకొండు రోజులూ బండి సెక్రం తిరగలేదు. బానెట్టు మీద కోడి గుడ్డెట్టినాది. మరి మీ కంపెనీ దేనికి కాపలా కాసినట్టు? కోడికా?"

ప్యూను కిసుక్కున నవ్వాడు. నాకు ఊపు వచ్చింది. మేడం మాత్రం నవ్వలేదు. "కోడికి వేరే పాలసీ ఉంటుంది బాబూ" అంది.

"ఆ గుడ్డు మీద ఒట్టండి, సెక్రం తిరగలేదు..." అంటుండగానే తలుపు తోసుకుని అమ్మ వచ్చింది, చేతిలో నిమ్మకాయతో.

"ఏట్రా, ఇంకా అవ్వలేదా? ఆ మలుపులకి ఈ నిమ్మకాయ సేతిలోంచి రెండుసార్లు జారిపోనాది. తోలితే తోలేవు గాని, ఆ లారీకి అంత దగ్గర్నుంచి కోసేవేటి?"

మేడం లేచి కిటికీలోంచి చూసింది. బయట నా కారు, దాని మెడలో బంతిపూల దండ, చక్రాల నిండా ఘాట్ రోడ్డు ఎర్రమట్టి.

"ఆ లారీ తగిలి ఉంటే ఏ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చేవాడివి?"

నాలోని ప్లీడరు, ఇందాక వద్దన్న పట్టికని దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టాడు. ఈలోగా అమ్మ కుర్చీలో కూర్చుని, అమావాస్య, కేలండరు, ఒట్టు, ఏకాదశి, అన్నీ వరసపెట్టి చెప్పేసింది. మేడం ఓపిగ్గా విని, "తిథుల సంగతి నాకు తెలీదమ్మా. రద్దు చేస్తే ఐదో వంతు పోతుంది, అది తెలుసు" అంది.

"పోద్దా? ఎవులికి పోద్ది?"

"ఆఫీసుకి."

"ఊరికినే?"

"ఊరికినే."

అమ్మ నిమ్మకాయని అరచేతిలో ఒకసారి అటూ, ఒకసారి ఇటూ తిప్పింది. తరవాత నావైపు చూడకుండా అంది: "అయినా అరవోళ్ళకి అమాస మంచి రోజే గదమ్మా. మా ఈదిలో టిఫిను బండి అరవమ్మ అమాస నాడే కొట్టు తెరిచినాది. ఇప్పుడు మేడ ఏసినాది."

"అమ్మా! మరి పదకొండు రోజులూ నన్ను..."

"డబ్బులు పోతాయని నాకు ముందు సెప్పేవేట్రా? ప్లీడరంట, ప్లీడరు! నడు."

లేస్తూ నిమ్మకాయని మేడం బల్ల మీద పెట్టింది. ఆవిడ దాన్ని తీసుకుని, "షర్బత్ చేసుకుంటాను, థాంక్సమ్మా" అని సంచిలో వేసుకుంది. అప్పుడు నవ్వింది. ప్యూను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

సోమవారం పొద్దున్న అదే అమావాస్య కాగితంతో టికిరి వెళ్ళాను. ఆ టీచరమ్మలు ఆరేళ్ళు నా కారులోనే తిరిగారు. గీత ఒక్కటి పడలేదు. ఆ కోడి మాత్రం వారం రోజులు పాకలోకి వచ్చి, నావైపు అదోలా చూసి వెళ్ళేది.

ఇప్పుడు నాకు రెండు కార్లున్నాయి. పాలసీలు ఫోన్లోనే కట్టేస్తున్నాను. మొన్న కట్టబోతూ వేలు ఆపి, ఎందుకో గోడ మీద కేలండరు చూశాను. అమావాస్య. లోపలి గదిలో ఉన్న అమ్మని కేకేసి అడిగాను, కట్టొచ్చా అని.

"ఇంత వయసొచ్చీసినాది, ఇంకా అయ్యన్నీ నమ్ముతావేట్రా?" అంది.

నాకు నవ్వొచ్చింది. నొక్కేశాను. నొక్కేముందు మాత్రం, ఎందుకైనా మంచిదని, వంటింట్లోంచి ఒక నిమ్మకాయ తెచ్చి జేబులో వేసుకున్నాను.