పక్కకి ఆరు చక్రాలు

ఆ గాలివానకి బందరులో మా ఇంట్లో పోయినవి ఇవి: తూర్పు గోడ, మూడు వందల చిల్లర పెంకులు, కుట్టు మిషను, రెండు బస్తాల బియ్యం, నలభై మూడు బళ్ళు. మనుషులెవరికీ ఏమీ కాలేదు. మా ఆవిడ నా జాబితా విని, "ముందు మిషను చెప్పాలి" అంది. నిజమే. కానీ నా నోటికి ముందు వచ్చేది నలభై మూడే.

బళ్ళంటే అరచేతిలో పట్టేవి. యుద్ధంలో తిరిగిన మిలటరీ బళ్ళ నమూనాలు. ఊరు విడిచి వెళ్ళిపోయే ఓ దొర ఇంటి సామాన్లు వేలం వేస్తుంటే కొన్న సీసపు బళ్ళు ఏడు. రైల్లో గార్డుగా తిరిగే స్నేహితుడు మద్రాసు మూర్ మార్కెట్టులో వెతికి తెచ్చినవి పన్నెండు. మిగతా ఇరవై నాలుగూ నేను కర్రతో, కిరసనాయిలు డబ్బా రేకుతో చేసుకున్నవి. ట్యాంకులు నేను దాచలేదు. అవి అందరికీ తెలుసు. రొట్టెలు కాల్చే పొయ్యిని మోసిన లారీ, టెలిఫోను తీగ చుట్టుకు తిరిగిన బండి, నీళ్ళ బండి, విరిగిన బళ్ళని లాక్కొచ్చే బండి, ఇలాంటివే నాకు కావలసినవి. ఇంట్లోకొచ్చిన సముద్రం నీళ్ళు తీశాక చూస్తే సీసంవి బురదలోకి దిగిపోయాయి, కర్రవి ఎటో తేలిపోయాయి. ఒక్కటీ దొరకలేదు.

అప్పట్లో నేను గుడివాడలో ఒక బియ్యం మిల్లులో పని చేసేవాణ్ణి. ధాన్యం రాశి చుట్టూ ఒకసారి నడిచి, ఎత్తు చూసి, ఎన్ని బస్తాలవుతుందో చెప్పడం నా పని. చదివింది అయిదో తరగతే, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. నూరు బస్తాల రాశికి ఒక బస్తా అటో ఇటో, అంతకు మించి తప్పేది కాదు. శనివారం సాయంత్రం రైలెక్కి బందరు వచ్చి, ఆదివారమంతా బళ్ళతో గడిపేవాణ్ణి.

మిల్లు ఇంజను డ్రైవరు దివిసీమ మనిషి. అందరికీ మావయ్యే. యుద్ధంలో ఎడారి దేశంలో, మిలటరీ బళ్ళు బాగుచేసే చోట నాలుగేళ్ళున్నాడు. వేసవిలో పని మానేసి ఊరికి వెళ్ళిపోతాడనగా ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు.

"అల్లుడూ, మా అన్న కొడుకులు నేను పట్టాళంలో అంట్లు తోమానంటారు. శత్రువుల దగ్గర పట్టుకున్న బండి ఒకటి నేను ఏడాది నడిపా. అది చేసిపెట్టు. బల్ల మీద పెడితే ఇంక నేను నోరు విప్పక్కర్లా."

కొలతలన్నీ ఒంటితో చెప్పాడు. ముందు రెండు రబ్బరు చక్రాలు. వెనక రెండు పక్కలా ట్యాంకుకి ఉన్నట్టు ఇనుప పట్టా. పట్టా ఈ కొస నుంచి ఆ కొసకి ఇంజను గది గోడంత, అంటే పదిహేనడుగులు. పట్టాలోని చక్రం ఆయన నడుం దాకా, మూడడుగులు. అలాంటివి పక్కకి ఆరు.

నేను అడుగుకి పావు అంగుళం చొప్పున చేస్తాను. కాగితం మీద వేసి చూశాను. కుదరలేదు.

మర్నాడు మిల్లు ముందు టీ కొట్టు దగ్గర, బస్తాలు మోసే ముఠావాళ్ళంతా ఉండగా అడిగాను. "మావయ్యా, ఆరు మూళ్ళు పద్దెనిమిది. నీ పట్టా పదిహేనే. మిగిలిన చక్రం ఎక్కడ పెట్టావు?"

"జేబులో పెట్టుకుని ఉంటాడండీ," అన్నాడు ముఠా మేస్త్రీ.

మావయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. "అట్టా కాదయ్యా. ఇట్టా ఉంటాయి," అని రెండు చేతులూ ఎత్తి, ఒక చేతి వేళ్ళ సందుల్లోకి రెండో చేతి వేళ్ళు జొనిపి చూపించాడు.

"అదుగో, లెక్క తేలక ప్రార్థన మొదలెట్టాడ్రోయ్!" అన్నాడు మేస్త్రీ. అందరూ నవ్వారు. ఆయన ప్రతి ఆదివారం ఏసు గుడికి వెళ్ళే మనిషి కాబట్టి ఆ మాట బాగా పండింది. నేనూ నవ్వాను.

పక్కకి అయిదే చేశాను. ముప్పావు అంగుళం చక్రాలకి చిలకలపూడిలో ఒక గిల్టు నగల పనివాడు సాయం చేశాడు. పెద్ద సైజు కమ్మల అచ్చు మీద ఇత్తడి రేకు కొట్టి పది బిళ్ళలు ఇచ్చాడు. తీరా చూస్తే బిళ్ళ బిళ్ళకీ ఎనిమిది రేకుల పువ్వు, పైన బంగారు మెరుగు.

"మెరుగెందుకు పెట్టారండీ?"

"పెట్టకుండా మా చేతి సరుకు బయటికి పంపుతామా అండీ? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

పువ్వులు కనపడకుండా ఇసక రంగు వేశాను. మావయ్య ఆ బండిని అటూ ఇటూ తిప్పాడు. వేలితో ఒక పక్క లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "చదువుకున్నోడివి, నీకు తెలుస్తుందిలే," అని తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

గాలివాన వచ్చింది ఆ తరవాత రెండేళ్ళకి. ఇంకో ఏడాదికి గుడివాడలో పచారీ కొట్టువాడు ఎండుమిరపకాయలు కట్టిచ్చిన కాగితం విప్పుతుంటే అందులో ఆ బండి కనపడింది. ఏదో పాత ఇంగ్లీషు పత్రికలోని ఫొటో. ముందు రబ్బరు చక్రాలు, వెనక పట్టా. పట్టాలో చక్రాలు పక్కపక్కన లేవు. ఒకటి లోపలికి, ఒకటి బయటికి, ఒకదాని అంచు ఇంకోదాని మీదికి ఎక్కి ఉన్నాయి. ఆరు. బస్తాలు కూడా రెండింటి సందు మీదికి ఇంకోటి ఎక్కేలా పేర్చడం రోజూ చూసే నాకు ఆ ఊహే రాలేదు.

ఆ ఆదివారం బస్సెక్కి, పడవలో ఏరు దాటి, మావయ్య ఊరు వెళ్ళాను. నన్ను గొంతుతో గుర్తుపట్టాడు. రెండు కళ్ళకీ చూపు పోయింది. ఫొటో ఎలా ఉందో చదివినట్టు చెప్పాను.

"మరి నేనేం చెప్పా?" అన్నాడు. తరవాత గుమ్మం వైపు తిరిగి, "ఒరేయ్, విన్నారా?"

అన్న కొడుకు కాగితం తీసుకుని చూశాడు. "బొమ్మలో ఏముంటే ఏంటి బాబాయ్, నీ బండికి అయిదేగా."

"ఇంకా రెండు రావాల్రా. అల్లుడు బాకీ." నా వైపు చెయ్యి చాపాడు. "కాగితం నాకేం పనికొస్తుంది? వేలితో లెక్కపెట్టుకునేది కావాలి."

బండిని బందరు తీసుకెళ్ళి సరిచేసి తెస్తానన్నాను. ఒప్పుకోలేదు. "మీ సముద్రం ఊరుకోదు. ఇక్కడే కూర్చుని వెయ్యి."

అదే అచ్చు మీద ఇంకో రెండు బిళ్ళలు కొట్టించాను, ఈసారి మెరుగు లేకుండా. మొదటి చక్రం నడుమ నుంచి చివరి చక్రం నడుమకి మూడంగుళాలు. దాన్ని నాలుగు భాగాలు చేసిన చోట అయిదు చెయ్యాలి, పాత ఇరుసులన్నీ జరపాలి. ఒక పూట పని. కానీ అప్పటికే కోతలయ్యాయి, మిల్లుకి ధాన్యం వస్తోంది. రాశులు కొలిచే రోజుల్లో నన్ను వదలరు. నేనూ గట్టిగా అడగలేదు.

పనిముట్లు సంచీలో వేసుకుని వెళ్ళేసరికి ఆయన పోయి మూడు వారాలయింది. బల్ల మీద బండి లేదు.

"పెట్టెలో తన పక్కనే పెట్టమన్నాడండీ. పెట్టాం," అన్నాడు అన్న కొడుకు.

"అయిదు చక్రాలతోనే?"

"ఉన్నది అదేగా అండీ." చెప్పులు వేసుకుంటూ అన్నాడు: "ఎవరన్నా అడిగితే ఆరని చెప్పమన్నాడు. అట్టాగే చెప్తున్నాం."

నన్ను వాళ్ళ తోటకూర మడి దాటించి సమాధుల దొడ్డి దాకా తీసుకెళ్ళాడు. మట్టి ఇంకా కుదురుకోలేదు. సంచీ భుజం మీంచి దించకుండానే కాసేపు నిలబడి, మధ్యాహ్నం పడవకి వచ్చేశాను.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఎవరికీ ఏమీ ఇవ్వవలసింది లేదని చెప్పగలను, ఒక్క ఆయనకి తప్ప. పక్కకి ఒకటి చొప్పున, రెండు చక్రాలు.