మల్లవ్వ కంటెచ్చ

నిన్న మా సుచిత్ర సెంటర్‌లో కిరాణా కొట్టు ముందు ఎండలో పెట్టిన అట్టలోంచి ఒక గుడ్డు చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది. నాకు తెలియకుండానే దాన్ని మూసిన కంటి రెప్పకు ఆనించుకున్నాను. కొట్టతను వింతగా చూశాడు. ఒంటరిగా ఉండేవాళ్ళకు ఇదొక బాధ, ఏదైనా గుర్తొస్తే మాట మార్చడానికి పక్కన ఎవరూ ఉండరు. మధ్యాహ్నమంతా మల్లవ్వే గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో నేను మేడ్చల్ దగ్గర ఒక హేచరీలో, అంటే కోడిగుడ్లను యంత్రాల్లో పెట్టి పిల్లలను చేసే చోట, పనికి చేరాను. కాపురం పొసగక బయటికొచ్చేశాను, పుట్టింటివాళ్ళు రానివ్వలేదు. హేచరీ వెనక నాకిచ్చిన గదే ఇల్లు. ఉద్యోగం పోతే ఆ గదీ పోతుంది. బీఎస్సీ చదివానని యంత్రాల వేడి చూసి రిజిస్టరులో రాసే పని ఇచ్చారు. నాకు పని నేర్పమని యజమాని పురమాయించింది మాత్రం అక్కడ ఎన్నాళ్ళుగానో పనిచేస్తున్న మల్లవ్వకు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే కుటుంబం ఆమెది. అంకెలు రావు.

ఆ కాస్త చోటులో వేడికి ఎన్ని పేర్లో. పాత యంత్రాలు ఫారెన్‌హీట్‌లో తొంభై తొమ్మిదిన్నర చూపించేవి. కొత్తగా తెచ్చిన యంత్రం సెల్సియస్‌లో ముప్పై ఏడున్నర చూపించేది. రెండూ ఒకటే వేడి. మల్లవ్వకైతే సల్ల, గోరెచ్చ, కంటెచ్చ, ఉడుకు, అంతే. గుడ్డును కంటి రెప్పకు ఆనిస్తే చల్లగానూ వేడిగానూ తగలకపోతే అది కంటెచ్చ. "గా అంకెలు నువ్వు రాసుకో బిడ్డా. లోపలున్న పానానికి అంకెలు తెల్వయ్," అనేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని. చదువుకున్నదాన్నని నాకు కాస్త పొగరుండేది.

ఒక చలికాలం కొత్త యంత్రంలో పిల్లలు ఆలస్యంగా బయటికి వస్తున్నాయి. హేచరీకి సలహాలిచ్చే పశువుల డాక్టరుగారికి ఫోన్ చేస్తే, "ఒక డిగ్రీ పెంచమ్మా," అన్నారు. పెంచాను. ఆయన మాట్లాడేది ఎప్పుడూ ఫారెన్‌హీట్‌లోనే. ఆ సెల్సియస్ యంత్రంలో ఒక డిగ్రీ అంటే ఆయన లెక్కలో దాదాపు రెండు. ఈ సంగతి నాకు తెలుసు, కానీ ఆ క్షణాన తోచలేదు. మర్నాడు పొద్దున మల్లవ్వ గుడ్డును కంటికి ఆనించి, "గిది కంటెచ్చ గాదు, ఉడుకున్నది. జర జూడు," అంది.

"డాక్టర్ సారే చెప్పిండు అవ్వా. నీకు తెల్వదు," అన్నాను.

మూడు రోజులు ఆమె అదే మాట చెప్పింది, నేను అదే జవాబిచ్చాను. నాలుగో రోజు బల్బు ముందు పట్టి చూస్తే సగానికి పైగా గుడ్లలో కదలిక లేదు.

యజమాని వచ్చి, "మిషన్ ఎవరు ముట్టుకున్నరు?" అని అడిగాడు.

"నేనే సారూ," అంది మల్లవ్వ. "తుడుసుకుంట ఏదో ఒత్తిన. నాకు అంకెలు తెల్వయ్ గద."

ఆయన వెంటనే నమ్మాడు. చదువు రాని మనిషి కాబట్టి ఆమెను రెండో మాట అడగలేదు. ఇంక పనిలోకి రావద్దన్నాడు.

గేటు దాకా వెంట వెళ్ళాను. ఏడుస్తూ, "నేను పోయి నిజం చెప్త అవ్వా," అన్నాను.

"చెప్పకు. నాకు చెరువున్నది, కొడుకులున్నరు. నిన్ను ఎల్లగొడ్తే యాడికి పోతవ్?" అంది. టిఫిన్ గిన్నె చంకలో పెట్టుకుని శామీర్‌పేట వెళ్ళే ఆటో ఎక్కింది.

రేపు చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఆ స్థలం ప్లాట్లుగా అమ్ముడుపోయేదాకా, ఇంకో తొమ్మిదేళ్ళు అదే గదిలో ఉన్నాను. శామీర్‌పేట ఎంతో దూరం కాదు, అయినా ఒక్కసారీ వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? యజమాని నన్ను జాగ్రత్త గలదాన్నని మెచ్చుకుని, కొత్తగా చేరేవాళ్ళకు పని నేర్పమన్నాడు. నేర్పాను. ఎవరు డిగ్రీ అన్నా, ఏ డిగ్రీయో అడిగి తెలుసుకోండని మొదటి రోజే చెప్పేదాన్ని. వాళ్ళకు గుర్తుండాలని ఒక కథ కూడా చెప్పేదాన్ని. వెనకటికి ఇక్కడ అంకెలు రాని ఒకామె ఉండేది, తెలియక మిషన్ ముట్టుకుని గుడ్లన్నీ చంపేసింది అని. ఆ కథ ఇవాళ్టికీ నా గొంతుతోనే నాకు వినిపిస్తుంది. ఆమె పేరు కూడా చెప్పేదాన్ని.