అతుకు నిలిచేదాకా

గర్భసంచి తీసే ఆపరేషన్‌లో నా మూత్రాశయానికి చిల్లు పడింది. పాత సిజేరియన్ల మచ్చలతో రెండూ ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయట, విడదీస్తుంటే చిరిగింది. ఎవరినీ తిట్టడానికి లేదు. అదే నాకు పెద్ద బాధ. నెలల తరబడి నాకు తెలియకుండానే మూత్రం కారేది. పెళ్ళిళ్ళు, పేరంటాలు మానేశాను. కుర్చీలోంచి లేస్తే ముందు వెనక్కి తిరిగి కుర్చీని చూసుకోవడం అలవాటైంది.

మొదటిసారి వేసిన కుట్లు నిలవలేదు. రెండోసారి విజయవాడలో ఒక డాక్టరమ్మ, కుట్ల మీద అతుకు కూడా వేస్తానంది. పంది పేగు లోపలి పొరట. కణాలన్నీ కడిగేసి ఉత్త అల్లిక మాత్రం మిగులుస్తారట. మా అత్తగారికి మాత్రం ఫారిన్ గుడ్డ అని చెప్పాం.

"ఆ అల్లికలోకి మీ కణాలే వచ్చి చేరతాయమ్మా. మెల్లగా అది కరిగిపోయి ఆ చోట మీ కండే పెరుగుతుంది. ముందు కాస్త వాస్తుంది. ఆ వాపు ఉండాలి" అంది డాక్టరమ్మ.

"ఎంత ఉండాలండీ?"

"మరీ ఎక్కువైతే మచ్చ కట్టి గట్టిపడుతుంది. అసలు లేకపోతే అతుకు పట్టదు."

"ఆ మధ్యలో ఎంత అనే అడుగుతున్నాను."

"దానికి కొలత లేదమ్మా."

"కొలత లేనిదాన్ని అన్నేళ్ళపాటు ఏం చదివారండీ?"

ఆవిడ నవ్వింది. నాకు రాలేదు. "మీ చేతిలో ఉన్నది ఒక్కటే. మూత్రాశయం నిండకూడదు, నిండితే అతుకు లాగుతుంది. మూత్రం పోవడానికి పెట్టే ట్యూబు మడత పడకుండా, అది చేరే బ్యాగు మంచానికి కిందుగా ఉండేలా చూసుకోండి" అంది.

ఆపరేషన్ అయి కొండపల్లిలో మా ఇంటికి వచ్చాక పొత్తికడుపులో ఏ చిన్న పోటు వచ్చినా ఒకటే ఆలోచన, ఇది కావలసిన వాపా, అక్కర్లేనిదా అని. ఒళ్ళు చల్లగా ఉంటే వాపు చాలడం లేదేమోనని భయం. వెచ్చబడితే చీము పట్టిందేమోనని భయం.

అలా ఉండగా చల్లపల్లి నుంచి అత్తగారి చెల్లెలు చూడ్డానికి వచ్చింది. గేటు చప్పుడు వినగానే అత్తగారు పరుగున వచ్చి నా దుప్పటి సర్దింది.

వచ్చినావిడ కూర్చుంటూనే, "పప్పు పెడుతున్నావేంటే అక్కా? చీము పడుతుంది" అంది.

"పప్పుకీ చీముకీ ఏంటండీ సంబంధం?"

"మేం ఇవన్నీ పాటించబట్టే మా కడుపులో ఎక్కడివి అక్కడే ఉన్నాయి."

"ఉన్నాయని మీరు చెప్పడమే కదండీ. ఎవరు తెరిచి చూశారు?"

చాలాసేపు వాదించుకున్నాం. పొత్తికడుపు బిగుసుకుపోతోంది. కోపానికే అనుకుని ఇంకో రెండు మాటలు అంటించాను. ఆవిడ బస్సుకి లేచేసరికి నాకు చెమటలు పట్టేశాయి. దుప్పటి తీసి చూస్తే బ్యాగు నా మోకాళ్ళ పక్కన పడుకుని ఉంది. ట్యూబు రెండుగా మడిచి పరుపు కింద దోపి ఉంది.

"అత్తయ్యా, ఇదేంటి?"

"నలుగురూ వచ్చేచోట ఆ ఉచ్చసంచి వేలాడుతుంటే బాగుంటుందా అమ్మాయ్? కనపడకుండా పెట్టా."

"నలుగురెవరండీ, వచ్చింది మీ చెల్లెలొక్కతే!"

ట్యూబు సరిచేయగానే బ్యాగులోకి ఒక్కసారిగా దూకింది, ఎర్రగా. డాక్టరమ్మకి ఫోన్ చేశాను. నీళ్ళు బాగా తాగమంది, ధార ఆగితే వెంటనే రమ్మంది. "అతుకు సంగతి, మూత్రాశయంలోకి డై ఎక్కించి ఎక్స్‌రే తీస్తేగానీ చెప్పలేనమ్మా" అంది. ఆ ఎక్స్‌రేకి ఇంకా వారం ఉంది.

ఆ వారమంతా అత్తగారు వంగి వంగి బ్యాగు చూసేది. "రంగు లేతబడింది అమ్మాయ్" అనేది. "మీకు డాక్టరు పట్టా ఎప్పుడిచ్చారండీ?" అనేదాన్ని. ఆవిడ అటు వెళ్ళగానే నేనూ వంగి చూసుకునేదాన్ని.

ఎక్స్‌రేకి వెళ్తుంటే గొల్లపూడి దాకా ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ పొత్తికడుపు రెండు చేతులతో పట్టుకున్నాను. డై నిండిన మూత్రాశయం తెర మీద తెల్లటి ఉండలా కనపడింది. దాని అంచు దాటి ఏమీ రాలేదు. "నిలిచింది. కండ పూర్తిగా పట్టడానికి ఇంకా నెలలు పడుతుంది" అని డాక్టరమ్మ ట్యూబు తీసేసింది. కాసేపాగి నన్ను నిలబెట్టి గట్టిగా దగ్గమంది.

"ఎక్స్‌రేకి అందని చిల్లులు ఉండవాండీ?" అన్నాను.

"వాదన తర్వాతమ్మా. ముందు దగ్గండి."

దగ్గాను. చెయ్యి పెట్టి చూసుకున్నాను. పొడిగానే ఉంది. ఆవిడ అడక్కుండానే మళ్ళీ దగ్గాను.

బయట బెంచీ మీద అత్తగారు రెండు పాత చీరలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"తడిసిందా?"

"లేదు."

"సరిగ్గా చూశావా?"

ఇంకోరోజైతే ఆవిడ మీద ఎగిరేదాన్ని. ఈసారి బాత్రూం వైపు నడిచాను, మళ్ళీ చూసుకోవడానికి.