ఎవరూ నడవని పట్టా

ఓగుటు ఇంట్లో మూడు తరాలుగా రైలు తిండే. తాత లైను వేసేటప్పుడు పట్టాల కింద పరిచే స్లీపర్లు మోశాడు, తండ్రి పట్టా నడిచాడు, ఓగుటుదీ అదే పని. రోజూ తెల్లారేసరికి సుత్తి భుజాన వేసుకుని తన హద్దంతా నడవాలి, వంతెన కింద తొంగిచూడాలి, చివర్న పొరుగు హద్దు మనిషికి రేకు బిళ్ళ ఇవ్వాలి. బిళ్ళ స్టేషనుకి చేరితేనే ప్యాసింజరుకి దారి ఇస్తారు. చేరిందా, పట్టా మీద మనిషి నడిచినట్టే. ఇంకెవరూ ఏమీ అడగరు.

కిసుము ఊరి దగ్గర పెదనాన్న పోయాడు. రైలు వాళ్ళ రూలు ప్రకారం పెదనాన్న చావుకి సెలవు లేదు. ఓగుటు వాళ్ళ లువో తెగలో మాత్రం పెదనాన్నంటే తండ్రే. మట్టి వెయ్యకపోతే ఊళ్ళో తలెత్తుకోగలడా? అందుకే ఓగుటు మర్నాటి బిళ్ళ ముందే పొరుగు హద్దు ఒబుయా చేతిలో పెట్టేశాడు.

"ఒక్క పొద్దుటికి ఏమవుతుందిలే తమ్ముడూ, వానలా వరదలా!" అన్నాడు ఒబుయా.

పాడు నోరు! ఆ రాత్రే కుండపోత కురిసింది.

మట్టి వేసి, మర్నాడు తల్లినీ కూతుర్నీ తీసుకుని తిరుగు బండెక్కిన ఓగుటు కిటికీ వదల్లేదు. కాలవలు ఎర్రగా పొర్లుతున్నాయి. తన హద్దులోని వంతెన గట్టు అలాంటి వానకే ఒకసారి జారి బండి వాగులో పడింది. ఆనాడు పెట్టెల్లోంచి మనుషుల్ని బయటికి లాగిన తండ్రి, చచ్చేదాకా ఆ సంగతి ఎత్తితే అన్నం మానేసేవాడు.

"ఏరా, కొత్త పెళ్ళికూతురిలా బిగుసుకుపోయావేం? ఈ చేప ముక్క తిను," అంది తల్లి.

"ఆకలి లేదే అమ్మా."

"మీ ఆవిడ వండలేదనా? కడుపుతో ఉన్నదాన్ని చావింటికి తీసుకురాకూడదు కాబట్టి వదిలొచ్చాం గానీ, లేకపోతే కొంగు పట్టుకుని తిరిగేవాడివి!"

పెట్టెలో అందరూ నవ్వారు. ఓగుటు నవ్వలేదు. చెబితే తన ఉద్యోగం పోతుంది, రైలు వాళ్ళిచ్చిన ఇల్లు పోతుంది, ఒబుయా కూడా వీధిన పడతాడు. చెప్పకపోతే? ఒళ్ళో కూతురు అపొండి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. బుగ్గకి చేప తునక అంటుకుని ఉంది. తన హద్దు రాయి కనబడగానే లేచి గొలుసు లాగేశాడు.

గార్డు ఊగిపోతూ వచ్చాడు. "ఎవడ్రా లాగింది? నీ అబ్బ సొమ్మా ఈ బండి?"

"నేనే అయ్యా. ముందున్న హద్దు నాదే. ఇవాళ దాన్ని ఎవరూ నడవలేదు."

"బిళ్ళ వచ్చిందిగా!"

"బిళ్ళ వచ్చింది. నేను నడవలేదు."

గార్డు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "దిగు. ముందు నువ్వు నడు," అని తానూ దిగాడు.

ఓగుటు పట్టా మీద నడిచాడు, వెనకాలే ఇంజిను పాకుతూ వచ్చింది. అడుగడుగుకీ వంగి పట్టా చూశాడు. మలుపు తిరిగేసరికి వంతెన ఇవతల ఓ ఆడమనిషి, భుజాన సుత్తితో, ముద్దగా తడిసి నిలబడి ఉంది. అకెలో! స్లీపర్ల సందుల్లోంచి కింద నీళ్ళు కనిపిస్తాయని ఆ వంతెన ఎక్కకుండా, సంతకి కూడా వాగులో దిగి వెళ్ళే తన భార్య.

"పట్టా బాగానే ఉంది. కిందికి కూడా తొంగిచూశా. బండెందుకాగింది?" అంది ఆమె.

"నీ మొగుడే ఆపాడమ్మా, ఎవరూ నడవలేదని చెప్పి," అన్నాడు వెనకనుంచి గార్డు.

అకెలో నోరు నొక్కుకుంది. "అయ్యో నా రాత! ఒక్క మలుపు ఓపిక పట్టలేకపోయావా? వాన పడుతుంటే నేను పడుకుంటాననుకున్నావా?"

"ఎలా దాటావే?"

"పాక్కుంటూ."

అప్పుడు చూశాడు ఆమె మోకాళ్ళు. రెండూ చీరుకుపోయి నెత్తురోడుతున్నాయి. ఆ కడుపుతో, ఆ సందుల మీద! ఓగుటు పట్టా మీదే మోకరిల్లి, చొక్కా అంచుతో ఆ నెత్తురు తుడిచాడు.

గార్డు వచ్చి ఆమె భుజం మీది సుత్తి తీసుకున్నాడు. "బిళ్ళ సంగతి పైకి చెప్పక తప్పదు. ఇది ఇక మీకక్కర్లేదు. ఎక్కండి," అన్నాడు మెల్లగా.

బండి కదిలింది. పెట్టెలో వాళ్ళు అకెలోకి చోటిచ్చారు, ఎవరో దుప్పటి కప్పారు. వంతెన దాటేదాకా మొగుడూ పెళ్ళాం ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కళ్ళు తెరవలేదు.