తెలుగుకు మూడు టిక్కులు

ఆ మంగళవారం చెన్నైలో పొద్దున్నుంచే తుంపర. మిలటరీ క్యాంపు మెస్సులో పూరీలకు పిండి కలుపుతున్నాను. ఫోను మోగితే పక్కనున్న వంటమనిషి ఎత్తి నా చెవి దగ్గర పెట్టాడు. మా ఊరు బొమ్మిడి నుంచి అత్త. "మామ పోయినాడురా" అంది.

మా అమ్మకు అన్న ఆయన. ముప్ఫై ఏళ్లు ఇలాంటి క్యాంపుల్లోనే వంట చేశారు. సైనికుడు కాదు, సివిలియన్. "తుపాకీ వాళ్లది, గరిటె మనది" అనేవారు. రిటైరై వచ్చాక, క్యాంపుల్లో వంటకో తోటపనికో మనుషులు కావాలని పేపర్లో పడితే కత్తిరించి, ఆ పనికి సరిపోయేవాళ్ల ఇంటికి తీసుకెళ్లి ఇచ్చేవారు. కవరు అంటించే ముందు దరఖాస్తు మొత్తం పైకి చదివించేవారు.

నేను మాత్రం నాది చదివించకుండానే పోస్టు చేశాను. తర్వాత ఆయన నకలు చూస్తుంటే వేలు ఒకచోట ఆగింది. తెలిసిన భాషలు అన్నచోట ఒక్కోదానికి మూడు గళ్లు: చదవడం, రాయడం, మాట్లాడడం.

"తెలుగుకు మూడూ కొట్టినావే అల్లుడూ. చదవను వస్తాదా నీకు?"

"రాదు మామా. ఇంట్లో మాట్లాడేదే కదా అని..."

"ఇంట్లో దోసె తింటావు. పోసేది వస్తాదా?"

మా వైపు అంతే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మా ఇళ్లలో తెలుగు అక్షరం తెలిసింది మామ ఒక్కరికే. ఆంధ్రా జవాను ఒకతను మెస్సులో పిండి చల్లిన బల్ల మీద నేర్పాడట.

"అబద్ధమని తేలితే గేటు కాడినుంచే పంపేస్తారు. పోస్టు చేసింది వెనక్కి రాదు. నిజం చేసెయ్" అంటూ పళ్లెంలో రాగిపిండి పరిచారు. ఇంటర్వ్యూకు నెల ఉంది. నాకు మ, య కలిసిపోయేవి.

"మామ అని రాయమంటే యాయ అని రాసినావు కదరా!" అని పళ్లెం కుదిపేవారు. మళ్లీ మొదలు.

ఇంటర్వ్యూలో తెలుగు ఊసే ఎత్తలేదు. నూరుమందికి పప్పు ఎంత నానబెట్టాలో అడిగారు. ఉద్యోగం వచ్చింది. చెబితే ఆయన, "అడక్కపోతే ఏమి? టిక్కు ఇప్పుడు నిజమే కదా" అన్నారు. మీరు చదువుతున్న ఈ అక్షరాలు ఆ పళ్లెంలోవే.

కర్మ అయ్యాక మామ మనవరాలు తన దరఖాస్తు తెచ్చింది. క్యాంపు ఆసుపత్రిలో వార్డు పనికి. తెలుగు ఎదుట మూడు టిక్కులు.

"చదవను వస్తాదా?"

"రాదు మామా. తాత నేర్పిస్తానన్నాడు."

ఇంకా పోస్టు చేయలేదు. చదవడం, రాయడం దగ్గరి టిక్కులు తీసేయమని చెప్పబోయాను. అత్త రాగిపిండి పళ్లెం తెచ్చి మా మధ్య పెట్టింది.

ఆ సాయంత్రానికి మ, య దాకా వచ్చాం. దరఖాస్తులో మూడు టిక్కులూ అలాగే ఉన్నాయి. మర్నాడు పొద్దున ఆరింటి రైలుకు నేను బయలుదేరాను.