రెండు గ్లాసుల లెక్క

మా పిన్ని కుట్టిన బట్టను రెండోసారి సరిచేయాల్సిన పని ఉండేది కాదు. వీధిలో ఎవరి నడుం ఎంత పెరిగిందో తనకు తెలిసినంతగా వాళ్ళ మొగుళ్ళకు కూడా తెలియదని, నోట్లో గుండుసూదులు పెట్టుకునే నవ్వేది. అలాంటి మనిషి ఒక డబ్బా మీది అంకె దగ్గర బోల్తా పడింది. తప్పు ఆమెదే అనేవాళ్ళు ముందు ఆ డబ్బా తెచ్చి నాకు చదివి చెప్పాలి. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

బాబాయికి గొంతులో గడ్డ తీశారు. ఇంకో ఆపరేషన్ మిగిలింది. ఒంటికి కాస్త కండ పడితేనే చేస్తామన్నారు. గట్టి తిండి మింగలేడు కాబట్టి నీళ్ళలో పొడి కలిపి తాగించడమే. ఆస్పత్రిలో డైటీషియన్ అమ్మాయి గడియారం వైపు చూస్తూ చెప్పింది.

"రోజుకి రెండు వేల కేలరీలు పడాలండీ. అంతకన్నా ఎక్కువ పట్టించకండి, కడుపు తట్టుకోదు."

పిన్ని ఇంటికొచ్చి, కుట్టుమిషను దీపం కింద ఆ పొడి డబ్బా తిప్పి తిప్పి చూసింది. గ్లాసుకు ఎంత శక్తో రాశారు. పైన లావు అక్షరాల్లో 1046, కిలోజౌల్స్. కింద చీమ తలకాయంత అక్షరాల్లో 250, కిలోకేలరీలు. ఆ అమ్మాయి చెప్పింది కేలరీలు. డబ్బా మీద ఉత్త కేలరీ అన్న మాటే లేదు, రెండూ కిలోలే. మనం నోటితో అనే కేలరీ, వాళ్ళు రాసే కిలోకేలరీ ఒకటేనట! అది మనకు కలలో తెలియాలి కాబోలు. ముఖ్యమైనదే పైన వేస్తారు కదా అని పై అంకెనే కేలరీలనుకుంది పిన్ని.

"రెండు గ్లాసులతో సరిపోయింది చూశావా, ఎంత బలమైన పొడో!" అని నాతో సంబరంగా చెప్పింది.

పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఇచ్చేది. బాబాయి గ్లాసు అంచు వేలితో తుడిచి నాకేవాడు. మాట పెగలదు. ఖాళీ గ్లాసు ఆమె వైపు జరిపేవాడు.

"వద్దండీ. ఎక్కువైతే పడదన్నారుగా. చిన్నపిల్లాడిలా ఏంటండీ ఇది?" అని లాక్కునేది. పంపు దగ్గర అది కడుగుతూ ఏడ్చేది.

ఈలోగా బాబాయి చొక్కా వదులైనప్పుడల్లా పక్కల లోపలికి కుట్టు వేసేది. మొగుడు జబ్బు మనిషిలా కనబడటం ఆమెకు ఇష్టం లేదు. ఆ పనితనం వల్లే, చూడ్డానికి వెళ్ళిన మేమందరం "ఫర్వాలేదు, తేరుకున్నాడు" అని వచ్చేశాం.

ఆస్పత్రిలో బరువు చూసే రోజున నేనూ తోడు వెళ్ళాను. నర్సు చొక్కా విప్పించింది. డొక్కలన్నీ లెక్కపెట్టొచ్చు.

"ఏం పట్టిస్తున్నారమ్మా ఈయనకి?"

పిన్ని సంచిలోంచి డబ్బా తీసి పై అంకె మీద వేలు పెట్టింది. నర్సు ఆ వేలిని మెల్లగా పట్టుకుని కింది వరుసకు జరిపింది.

"చూడాల్సింది ఇదమ్మా. ఈ లెక్కన రోజుకి ఎనిమిది గ్లాసులు."

పిన్ని రెండు అంకెల మీదా మార్చి మార్చి వేలు పెట్టింది.

"నా టేపుకీ రెండు పక్కలా అంకెలే. ఒక పక్క అంగుళాలు, ఒక పక్క సెంటీమీటర్లు. ఒక్కనాడూ తప్పలేదే నాకు" అంది.

ఆ తర్వాత గ్లాసులు పెంచుతూ పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అన్నాళ్ళు మాడిన కడుపు ఏదీ నిలుపుకోలేదు. ఆమె మొహం చూసి బాబాయి తాగేవాడు, కక్కేవాడు, మళ్ళీ గ్లాసు కోసం చెయ్యి చాచేవాడు. ఆపరేషన్ జరగనే లేదు.

బాబాయి పోయిన రోజు, ఒంటికి తొడగమని ఆయన చొక్కాల్లోనే మంచిది తెచ్చిచ్చాను. పిన్ని బ్లేడు తీసుకుని తను వేసిన కుట్లన్నీ ఒక్కొక్కటే విప్పింది. ఎవరు వారించినా వినలేదు. పాత కొలతకు తెచ్చి తొడిగితే ఆ చొక్కాలో ఇంకో మనిషి పడతాడు.

"చూడండి, ఇంత తగ్గాడు" అంది మా అందరితో. తర్వాత బాబాయి చెయ్యి పట్టుకుని కూలబడింది.

"అడిగాడే. గ్లాసు నా ముందుకు తోసి మరీ అడిగాడే."