షిఫ్టు దిగాక మ్యాట్నీ

కరోనా తర్వాత థియేటర్లు మళ్ళీ తెరిచిన ఏడాది నన్ను కృష్ణగిరి నుంచి హోసూరు థియేటరుకు మేనేజరుగా మార్చారు. రెండూ ఒకే యజమానివి. నా ఉద్యోగంలో ఆఖరి మకాం అదే.

ఆ వేసవిలో ఒక తెలుగు సినిమా వచ్చింది. కథంతా నడిపేది నాయికే. ఆవిడ పేరు రాయను. ఒకప్పుడు ఆవిడ సినిమా పడితే మా గేటు ఊడినంత పనయ్యేది. అప్పట్లో ఆవిడ పక్కన హీరోగా వేసినాయన ఇప్పటికీ కూతురి వయసు పిల్లలతో డ్యూయెట్లు పాడుతున్నాడు. ఆవిడనేమో ఆయనకే తల్లి వేషం వేయమన్నారట. విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది.

అదే వారం ఆయన సినిమా కూడా మాకే వచ్చింది. సాయంత్రం ఆటలన్నీ ఆయనకు, మధ్యాహ్నం రెండింటి మ్యాట్నీ ఒక్కటే ఆవిడకు. ఆదివారం అదీ లాక్కుని ఆయనకే ఇచ్చారు. పోస్టరు మీద ఆవిడకన్నా పక్కవేషం కుర్రాడి ముఖం పెద్దది.

పంపిణీదారు తరఫున థియేటర్లో ఉండి జనాన్ని చూసుకునే మనిషిని రిప్రజెంటేటివ్ అంటాం. శుక్రవారం పడిన సినిమాను మరో వారం ఉంచాలా, గురువారంతో ఎత్తేయాలా అన్నది చాలావరకు అతని మాట మీదే ఉంటుంది. సోమవారం ఖాళీ హాలు చూసి అతను, వయసు మళ్ళిన హీరోయిన్ కోసం ఎవరొస్తారని నవ్వి, ఎత్తేద్దామన్నాడు. ఊరూరా ఇలాగే ఎత్తేస్తే ఆవిడకు మళ్ళీ ఇలాంటి వేషం ఇచ్చే నిర్మాత ఉండడు.

ఆ మధ్యాహ్నమే, మూడు కావస్తుండగా, ఫ్యాక్టరీ యూనిఫాంలో కొందరు ఆడవాళ్ళు పోస్టరు చూసి వెనక్కి తిరగడం గమనించాను. పిలిచి అడిగాను. అందరిలో పెద్దామె మునియమ్మ. సొంతూరు సూళగిరి, కాపురం మూకండపల్లి.

“మేము షిఫ్టు దిగి ఈడికి వచ్చేలోపల సినిమా సగం అయిపోయుంటుంది. ఇంగ యాడ చూసేదప్పా?” అంది.

అంత చూడాల్సిందేముందని నేను ఊరికే కదిపాను.

“నాకూ వయసాయె, ఆయమ్మకూ ఆయె. ఆయమ్మ దాన్ని దాచిపెట్టలేదు. దానికే చూడాలనుండాది.”

మ్యాట్నీ మూడింటికి జరుపుతానంటే, హీరో గారి ఫస్ట్ షో ఆలస్యమవుతుందని రిప్రజెంటేటివ్ అడ్డుపడ్డాడు. ప్రకటనలు తీసేసి, ఇంటర్వెల్ కుదిస్తే సరిపోతుందని లెక్క వేసి చూపించాను. క్యాంటీన్ ఆయన సణిగాడు. యజమాని మాత్రం రెండు రోజులు చూడమన్నాడు.

మంగళవారం మునియమ్మ బృందం టిఫిన్ క్యారియర్లతో సహా వచ్చింది. బుధవారం వాళ్ళ లైన్ ఇళ్ళన్నీ కదిలొచ్చినట్టుంది. తెర మీద ఆవిడ నెరిసిన జుట్టు ముడేసుకుని మొదటిసారి కనబడగానే హాలంతా ఈలలు. ఆడవాళ్ళు అలా ఈలలు వేయడం నా ఉద్యోగంలో అంతకుముందు వినలేదు. గుమ్మం దగ్గర నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను.

సినిమా ఎత్తలేదు. గురువారం రిప్రజెంటేటివే కృష్ణగిరికి ఫోన్ చేసి, అక్కడి ఆడవాళ్ళకు ఏ వేళ కుదురుతుందో కనుక్కుని ఆట వేయమని చెప్పాడు.

ఫలానా నటికి జనం రారని ఎవరైనా అంటే, ఆ తర్వాత నేను ఒక్కటే అడిగేవాణ్ణి. ఆట ఎన్నింటికి వేశారని.